కందుకూరు పిల్ల

పొద్దున్నే తడిచీర చేతబట్టుకుని పెరట్లోకి వచ్చిన రుక్కమ్మకు దండెం కనబడలేదు. గోడకున్న కొక్కెం, జామచెట్టుకున్న మేకు మాత్రం ఉత్తిగా ఒకదాన్నొకటి చూసుకుంటున్నాయి. దండెం ఎక్కడికి పోయిందని వెతకాల్సిన పని లేకపోయింది. డాబా మీద నుంచి టపటపమని దాని చప్పుడే వినబడుతోంది. మనవరాలు నవనీత దాన్ని సగానికి కోసుకుని స్కిప్పింగ్ చేస్తోంది.

"ఓ నవనీతా! దిగు కిందికి. నా చీర నీ నెత్తి మీద ఆరెయ్యాల్నా?"

"జర ఆగు నానమ్మా! నా తాడు తెగింది. అయిపోంగనే ఇస్త."

"ఏం ఇస్తవ్? రెండు తునకలు ఇస్తవా? నీది తెగితే నాది కోసుడేంది? మొన్ననే కొన్న నైలాన్ తాడు. రెండు బొంతలు తడిపి ఏసినా వంగలే. గసొంటి తాడును..."

అంతలో విమానం వచ్చింది. డాబాకు పొట్ట ఆనించుకుని పోతోందా అన్నంత కిందుగా, పెరడంతా ఒక్క క్షణం నీడ చేసి, జామాకులను వణికిస్తూ పోయింది. అది పోయేదాకా రుక్కమ్మ నోరు తెరిచింది తెరిచినట్టే ఉంది. డాబా మీద తాడు ఆగింది. వంటింట్లో కోడలు మాధవీలత చేతిలోని గరిటె పప్పుగిన్నె మీద గాలిలో ఆగింది. చప్పుడు దూరమైంది.

"...కోసుకుని దుంకుతున్నవా!" అని రుక్కమ్మ ఆగిన చోటు నుంచే అందుకుంది. పైన తాడు మళ్ళీ మొదలైంది. గరిటె పప్పులోకి దిగింది.

శంషాబాద్‌లో వాళ్ళు ఆ ఇల్లు కట్టుకున్నప్పుడు పైన కొంగలు తప్ప ఏమీ ఎగిరేవి కావు. ఎయిర్‌పోర్టు వచ్చి ఐదేళ్ళయింది. మొదట్లో విమానం వచ్చినప్పుడల్లా గొంతులు పెంచి అరుచుకునేవాళ్ళు. తర్వాత ఎవరూ ఎవరికీ చెప్పకుండానే అరవడం మానేశారు. విమానం పోయేదాకా ఆగడం, పోయాక ఆగిన చోట అందుకోవడం. రుక్కమ్మ దీపం ముందు దండం పెట్టుకుంటున్నా, ఆమె కొడుకు హరిప్రసాద్ ఫోన్లో ఎవరినైనా కోప్పడుతున్నా అంతే. కొత్తగా వచ్చిన చుట్టాలు చూసి నవ్వుకునేవారు గానీ, ఇంట్లోవాళ్ళకు ఆ సంగతే తెలియదు. ఊపిరి తీసుకుంటున్నామని ఎవరికి గుర్తుంటుంది?

మాధవీలత కొంగుకు చేతులు తుడుచుకుంటూ బయటికొచ్చి తాడు రెండు తునకలూ కిందికి తెప్పించింది. ముడి వేసి, ఒకసారి లాగి చూసి, తృప్తి లేక విప్పి మళ్ళీ వేసి, కొక్కేనికి కట్టింది. ముడి దగ్గర చీర ముడతపడుతుందని అత్తగారు, ముడి ఉంటే సాయంత్రం తాను ఎట్లా దుమకాలని కూతురు ఇంకో విడత అనుకున్నారు. మాధవీలత మళ్ళీ పప్పు దగ్గరికి పోయింది. కూతురి కోపం తాడు మీద కాదని ఆమెకు తెలుసు. అంతకుముందు రోజు, ఆదివారం, నవనీత కందుకూరు పిల్ల చేతిలో మళ్ళీ ఓడిపోయి వచ్చింది.

నవనీత ఇంటర్ రెండో ఏడు. లండన్ ఒలింపిక్స్‌లో ఆడపిల్లలకు కూడా బాక్సింగ్ పెట్టారని టీవీలో చూసిన నాటి నుంచి దానికి అదే పిచ్చి. ఊరి చివర ఒక రేకుల షెడ్డు కిరాయికి తీసుకుని, మిలిటరీ నుంచి వచ్చేసిన ఆశేర్ సార్ పిల్లలకు నేర్పుతున్నాడు. హరిప్రసాద్ ఎయిర్‌పోర్టు కార్గోలో సూపర్వైజరు. తోటివాళ్ళ దగ్గర "మా బిడ్డ బాక్సర్" అని చెప్పుకోవడానికి అతనికి మహా సరదా. పిల్ల పొడగరి, చేతులు పొడుగు, దెబ్బలో బరువుంది. శంషాబాద్ చుట్టుపక్కల యాభై ఒక్క కిలోల బరువులో దాని ముందు నిలిచే ఆడపిల్ల లేదు, ఒక్క సిల్వియా తప్ప.

సిల్వియాది కందుకూరు. అక్కడి బడిలో వ్యాయామం సారు దగ్గర నేర్చుకుని, ఆదివారాలు బస్సులు మారి ఆశేర్ సార్ షెడ్డుకు ఆటకు వస్తుంది. అదీ యాభై ఒక్క కిలోలే. నవనీత భుజం దగ్గరికి వస్తుంది, అంతే. అయినా ఆడిన ప్రతిసారీ గెలుపు దానిదే.

జిల్లా జట్టులో ఒక్కో బరువుకు ఒక్కరికే చోటు. నెలాఖరుకు పేర్లు పంపాలి. ఆశేర్ సార్ ఒక దారి చెప్పాడు: నవనీత మూడు కిలోలు దిగి నలభై ఎనిమిదిలో ఆడితే సిల్వియా అడ్డే ఉండదు, అక్కడ నవనీతను నిలవరించే పిల్ల జిల్లాలో లేదు. జట్టులో చోటు ఖాయం. ఏ బరువులో పేరు ఇస్తుందో తేల్చుకొమ్మన్నాడు. నవనీత ఊ అనలేదు, ఊహూ అనలేదు. అప్పటి నుంచి ఇంట్లో తాళ్ళు తెగుతున్నాయి, తలుపులు గట్టిగా పడుతున్నాయి.

ఆ సాయంత్రం టీ దగ్గర అదే మాట వచ్చింది.

"గా పిల్ల పొలం పని చేసే పిల్ల. పార పట్టిన చెయ్యి. నీ చెయ్యి పెన్ను పట్టిన చెయ్యాయె," అన్నాడు హరిప్రసాద్.

"పార గీర కాదు. బర్రెపాలు," అంది రుక్కమ్మ. "మీరు తాగేది ప్యాకెట్ల నీళ్ళు. గండ్ల ఏం బలముంటది?"

"బాపూ, ఆమె పొలం పని ఎన్నడూ చెయ్యలేదంట. వాళ్ళ నాయినది సైకిల్ షాపు," అంది నవనీత. "పాలు తాగితే కక్కుకుంటదంట. నేనే అడిగిన."

"మరి ఏందే గామె గొప్ప?"

"గదే తెల్వదు నానమ్మా! ఆమె దెబ్బ గట్టిది కాదు. నా దెబ్బే గట్టిది. నేను కొడ్తే తల ఊపుతది, నేనేదో ముచ్చట చెప్పినట్టు. ఆ తర్వాత నాకేమయితదో తెల్వదు. నా చేతులు ఉన్న కాడ ఉంటయ్, ఆమె చెయ్యి నా మొహం మీద ఉంటది."

మాధవీలత గ్లాసుల్లో టీ పోసింది. నిజానికి నలభై ఎనిమిదికే ఆమె మనసు మొగ్గుతోంది. గెలుపు కోసం కాదు. కూతురి కింది పెదవి వాపు తగ్గక ముందే ఇంకో వాపు రావడం ఆమెకు ఇష్టం లేదు. అందుకే ఇన్నాళ్ళూ షెడ్డు ముఖం చూడలేదు. కానీ కారణం తెలియకుండా తప్పుకోవడం కూడా ఆమెకు నచ్చదు. పాలు విరిగిపోతే గిన్నెదా తప్పు, పాలదా, పొయ్యిదా అని తేల్చుకున్నాక గానీ ఇంకో గిన్నె పెట్టే మనిషి కాదు. కెమిస్ట్రీ చదివిన రోజుల నుంచీ అంతే.

"వచ్చే ఆదివారం నేను గూడ వస్త," అంది.

నవనీత గ్లాసు కింద పెట్టింది. "నువ్వా? రక్తం చూస్తే కళ్ళు మూసుకుంటవ్ కద అమ్మా!"

"మూసుకోను."

"నేనొస్త," అంది రుక్కమ్మ. "గా బర్రెపాల పిల్లను చూడాలె."

"పాలు తాగదని చెప్పిన కద నానమ్మా!"

"తాగకుంటనే గంత బలముంటే, తాగితే ఎట్లుంటదో చూడాలె."

ఆదివారం షెడ్డులో ప్లాస్టిక్ కుర్చీలు వేశారు. తాళ్ళు కట్టిన చదరం చుట్టూ పిల్లలు కింద కూర్చున్నారు. ఆశేర్ సార్ ఇద్దరు పెద్దవాళ్ళకూ ముందు వరస చూపించాడు. రుక్కమ్మ చెప్పులు విడిచి, కాళ్ళు పైకి పెట్టుకుని, సినిమాకు వచ్చినట్టు కూర్చుంది.

"గీమెనా?" అంది సిల్వియాను చూసి. "గింతే ఉందేందే! గిది మన నవనీతను కొట్టుడేంది? సంచిల ఏసుకుని పోవచ్చు."

సిల్వియా ఆ మాట విని వీళ్ళ వైపు తిరిగి రెండు చేతి తొడుగులూ కలిపి నమస్కారం పెట్టింది. రుక్కమ్మ నాలుక్కరుచుకుని తానూ పెట్టింది.

గంట కొట్టారు. మొదటి దెబ్బకు మాధవీలత కుర్చీ అంచు గట్టిగా పట్టుకుంది. రెండో దెబ్బకూ పట్టుకుంది. కాసేపటికి పట్టు వదిలింది, ఎందుకంటే చూడాల్సింది చాలా ఉంది. నవనీత ముందుకు వస్తోంది, కొడుతోంది. కూతురు చెప్పింది నిజమే, దెబ్బ దానిదే గట్టిది. మాధవీలత మాత్రం సిల్వియాను చూస్తోంది. ఆ పిల్ల తన మీదికి వచ్చే చేతులను చూడటం లేదు. దెబ్బ తగిలితే మొహం మాడ్చుకోవడం లేదు, తిరిగి కొట్టాలన్న తొందరా లేదు. కొత్త ఊరికి వచ్చి ఏ సందు ఎటు పోతుందో చూసుకుంటున్న మనిషిలా, నవనీత చుట్టూ తిరుగుతూ దాన్ని పైనుంచి కిందిదాకా చూస్తోంది. దెబ్బ పడ్డప్పుడల్లా, నిజమే, చిన్నగా తల ఊపుతోంది.

"కొట్టు నవనీతా! గట్లనే! గా మూలకు తోలు!" అని రుక్కమ్మ కుర్చీలో మోకాళ్ళ మీద లేచింది. "ఇగ ఆమెకు పోను జాగ లేదు! ఇగ ఒక్కటి..."

షెడ్డు రేకులు గజగజమన్నాయి. విమానం. ఆ రేకుల కింద దాని మోత ఇంట్లోకంటే రెండింతలు.

మాధవీలత కూడా ఏదో అనబోయి ఆగింది. పక్కకు చూస్తే అత్తగారు చెయ్యెత్తి, నోరు తెరిచి, బొమ్మలా ఉంది. ముందుకు చూస్తే మూలలో కూతురు కుడిచెయ్యి సగం లేపి ఆగి ఉంది. దాని కళ్ళు ఆగి ఉన్నాయి. కాళ్ళు ఆగి ఉన్నాయి. సిల్వియా ఒక్కతే కదిలింది. తొందరేమీ లేకుండా అడుగు ముందుకు వేసి, ఎడమ చేత్తో ఒకటి, కుడి చేత్తో ఒకటి వేసి, మూలలోంచి బయటికి వచ్చేసింది.

"...ఒక్కటి ఇయ్యి!" అంది రుక్కమ్మ, విమానం పోయాక. "అయ్యో! ఏందిది? ఎప్పుడు కొట్టింది?"

మాధవీలత అత్తగారిని చూసింది. కూతురిని చూసింది. ఇంకో విమానం వచ్చేదాకా ఆగింది. ఆదివారం పొద్దున కావడంతో ఎక్కువసేపు ఆగాల్సిన అవసరం రాలేదు. రేకులు మోగాయి. కింద కూర్చున్న పిల్లలు అరుస్తూనే ఉన్నారు. ఆశేర్ సార్ చేతులూపుతూనే ఉన్నాడు. షెడ్డు మొత్తానికి ముగ్గురే ఆగిపోయారు, తన ఇంటివాళ్ళు ముగ్గురే. సిల్వియా చెయ్యి టప్పుమని నవనీత తలతొడుగు మీద పడింది.

మాధవీలతకు నవ్వు వచ్చింది. ఆపుకోవాలని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది, ఆగలేదు. కుర్చీలో ముందుకు వంగి కళ్ళవెంట నీళ్ళు వచ్చేలా నవ్వింది.

"బిడ్డ తన్నులు తింటుంటే నవ్వుతున్నవేందే?" అని రుక్కమ్మ ఆమె మోచెయ్యి పట్టి కుదిపింది. "దయ్యం గిట్ల పట్టిందా?"

ఆట అయ్యాక సిల్వియా నీళ్ళ డ్రమ్ము దగ్గర మొహం కడుక్కుంటోంది. మాధవీలత వెళ్ళి పక్కన నిలబడింది.

"విమానమేనా?" అంది.

సిల్వియా తడిమొహంతో తలెత్తి చూసింది. దొరికిపోయినట్టు నాలుక కరుచుకుంది. "మీకెట్ల తెలిసింది ఆంటీ?"

"మేమందరం గంతే. నీకెట్ల తెలిసింది?"

"మొదటి ఆటల్నే చూసిన. మీ నవనీత కొడ్తే మస్తు నొప్పి లేస్తది ఆంటీ, అబద్ధం ఎందుకు. ఆమె కంటే గట్టిగ కొట్టేటోళ్ళు నాకు ఇంతవరకు తగల్లే. గందుకే మొదటి రౌండ్ల కొట్టనిస్త, చూస్త. ఎప్పుడు కొడ్తుంది, ఎప్పుడు కొడ్తలేదు అని. విమానం వస్తే అసలే కొడ్తలేదు." పిల్ల చున్నీతో మొహం తుడుచుకుంది. "నాకు నలుగురు అన్నలు ఆంటీ. ఎవడు ఎప్పుడు మొట్టికాయ ఏస్తడో చూసుకోకుంటే నెత్తి బొప్పి కడ్తది. చూసుడు గక్కడ్నే అలవాటైంది."

"మా అమ్మాయికి చెప్తున్న మరి. చెప్పకుండ ఉండలేను."

సిల్వియా ఒక్క క్షణం ఆలోచించింది. కళ్ళలో బాధ కాదు, ఉత్సాహం కనిపించింది.

"చెప్పుండ్రి ఆంటీ. ఇంకోటి దొరుకుతది."

ఇంటికి వస్తున్నంతసేపూ మాధవీలత చెవుల్లో ఆ మాటే ఉంది. ఇంకోటి దొరుకుతది. అందులో గర్వం లేదు, బెదిరింపు లేదు. చింతచెట్టు కింద నిలబడి, ఈ కొమ్మకు కాయ లేకపోతే ఆ కొమ్మకు ఉంటుంది అన్నట్టు చెప్పింది. గెలవడం మీద కంటే ఎదుటి మనిషి మీద దానికి ఎక్కువ ఆసక్తి. దెబ్బ తింటూ కూడా అంత శ్రద్ధగా చూసేవాళ్ళ ముందు పొడుగు చేతులు ఏం చేస్తాయి? పార కాదు, పాలు కాదు. ఆ పిల్ల గట్టిదనం ఇదీ అని మాధవీలతకు అప్పుడు తెలిసింది.

సంగతి చెప్తే నవనీత నమ్మలేదు. "నేను ఆగుతున్ననా? ఎన్నడు ఆగిన? ఊకె చెప్తున్నవ్ అమ్మా, నేను విమానం వచ్చినా..." అంటుండగానే వచ్చింది. ఆగింది. ఆగినట్టు తనకే తెలిసి, కళ్ళు పెద్దవి చేసి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. విమానం పోయాక నలుగురూ ఒక్కసారి నవ్వారు.

ఆ రెండు వారాలు ఆ ఇంటి ముందు నుంచి పోయినవాళ్ళు లోపల తగాదా పడుతున్నారనే అనుకుని ఉంటారు. విమానం వస్తే ఎవరూ ఆగకూడదు, చేస్తున్న పని ఆపకూడదు, మాట ఆపకూడదు అని మాధవీలత పెట్టిన నియమం. ఆగితే తక్కినవాళ్ళు చప్పట్లు కొట్టాలి. మొదట్లో అందరికీ చప్పట్లే. విమానం మోత వినగానే హరిప్రసాద్ ఫోన్లో అవతలివాడికి చెప్పిన మాటే మళ్ళీ చెప్పేవాడు, ఆగకుండా ఉండాలని. "లోడు వచ్చిందా, లోడు వచ్చిందా, లోడు వచ్చిందా" అని అరుస్తుంటే అవతలివాడు బెదిరిపోయి, "వచ్చింది సార్, నా తప్పేం లేదు సార్," అన్నాడట. రుక్కమ్మకు మాటలు దొరక్కపోతే తిట్లు అందుకునేది. ఆ తిట్లు ఎవరినీ కాదు, నోరు ఆగకుండా ఉండటానికే. గొడ్లను, గాలివానను, పెళ్ళిలో తనకు కారప్పూస తక్కువ పెట్టిన ఎప్పటి వియ్యపురాలినో వరసబెట్టి తిడుతుంటే, పక్కింటి కొండమ్మ గోడ మీదుగా తొంగిచూసి, "ఎవల్నక్కా?" అని అడిగింది.

"విమానాన్ని!" అంది రుక్కమ్మ.

నవనీత డాబా మీద గోడకు కట్టిన బస్తాను కొట్టేది. మాధవీలత కింద నుంచి చెవి పెట్టి వినేది. విమానం మోతలో దెబ్బల చప్పుడు వినబడదు కాబట్టి పైకి వెళ్ళి చూసేది. మొదట్లో ఆ చేతులు మధ్యలో తడబడేవి. తర్వాత తడబాటు తగ్గింది. ఒక పొద్దున విమానం వచ్చింది, పోయింది, నవనీత చేతులు దానితో పని లేనట్టు ఆడుతూనే ఉన్నాయి. మాధవీలత మెట్ల మీదే నిలబడి చూసి కిందికి దిగింది. ఆ రోజు పప్పులో ఉప్పు రెండుసార్లు వేసింది.

పేర్లు పంపే ముందరి ఆదివారం మళ్ళీ ఆట. ఈసారి హరిప్రసాద్ కూడా సెలవు పెట్టి వచ్చాడు.

మొదటి విమానానికి సిల్వియా తన అలవాటు ప్రకారం నింపాదిగా అడుగు ముందుకు వేసింది. నవనీత ఆగలేదు. కుడిచెయ్యి పూర్తిగా వచ్చి సిల్వియా తలతొడుగు మీద ధడేలున పడింది. సిల్వియా రెండడుగులు వెనక్కి పోయింది. తలెత్తి రేకుల వైపు చూసింది, తర్వాత ముందు వరసలో మాధవీలత వైపు చూసింది. పళ్ళ మధ్య ఉన్న రబ్బరు ముక్కంతా కనబడేలా నవ్వింది. ఆ నవ్వుకు నవనీత కూడా నవ్వింది. "నవ్వులు తర్వాత! ఆట!" అని ఆశేర్ సార్ కేక వేశాడు.

రెండు రౌండ్లు నవనీతవే. హరిప్రసాద్ లేచి నిలబడ్డాడు, వెనక పిల్లలు కూర్చొమ్మంటే కూర్చున్నాడు, మళ్ళీ లేచాడు. రుక్కమ్మ విమానాలను లెక్కచేయకుండా అరుస్తోంది. మాధవీలత చూపు మాత్రం సిల్వియా మీదే ఉంది. మూడో రౌండ్‌లో సిల్వియా కొట్టడం దాదాపు మానేసింది. దెబ్బ తింటోంది, తల ఊపుతోంది, చూస్తోంది.

నాలుగో రౌండ్‌లో దొరికింది దానికి. నవనీత గట్టిదొకటి వేసింది. అది తగిలీ తగలగానే సిల్వియా చెయ్యి వచ్చి నవనీత చెంప మీద పడింది. ఇంకోసారి అట్లాగే. మూడోసారి మాధవీలతకు కూడా అర్థమైంది. అర్థమయ్యాక ఆమె మొహం వేడెక్కింది. తాను వేసిన దెబ్బ తగిలిన ప్రతిసారీ నవనీత కళ్ళు ఒక్క రెప్పపాటు ముందు వరస కుర్చీ వైపు వస్తున్నాయి. అమ్మ చూసిందా అని.

గంట కొట్టేదాకా సిల్వియా ఆ రెప్పపాటును వదల్లేదు, పోయిన పాయింట్లన్నీ రాబట్టుకుంది. గంట కొట్టాక ఆశేర్ సార్ ఇద్దరి చేతులూ కలిపి పైకి ఎత్తాడు. "బరాబర్!" అన్నాడు. "ఎవరూ గెలవలె, ఎవరూ ఓడలె." సిల్వియాతో సమంగా నిలవడం ఆ షెడ్డులో అదే మొదలు. పిల్లలు ఈలలు వేశారు.

నీళ్ళ డ్రమ్ము దగ్గర ఇద్దరు పిల్లలూ ఒకరి తల మీద ఒకరు నీళ్ళు పోసుకుంటున్నారు. మాధవీలత కొంచెం దూరంలో ఆగింది. మాటలు వినబడుతున్నాయి.

"మీ అమ్మ దిక్కు చూస్తున్నవే నువ్వు," అంటోంది సిల్వియా. "నువ్వు కొట్టింది ఆమెకు కనబడతనే ఉన్నది, మల్ల చూసుడేంది?"

"థూ! గది గూడ చూసినవా?"

"చూడకుంటే ఎట్ల? ఇయ్యాల నా పని అయిపోయింది అనుకున్న." సిల్వియా మగ్గు డ్రమ్ములో పడేసింది. "నలభై ఎనిమిదికి పోతున్నవంట కద. సార్ చెప్పిండు."

నవనీత జుట్టులోని నీళ్ళు పిండుకుంది.

"పోతే పో. నీకు మంచిదే. గని నువ్వు పోతే నాకు కష్టమైతది. కడమోళ్ళను చూసుడు ఒక్క రౌండ్ల అయిపోతది. నిన్ను చూసుడే అయిపోతలేదు."

మధ్యాహ్నం ఇంట్లో నాటుకోడి కూర, జొన్నరొట్టెలు. హాల్లో చాప పరిచి నలుగురూ కూర్చున్నారు. హరిప్రసాద్ ఇంకా షెడ్డులోనే ఉన్నట్టు చేతులూపుతూ రౌండు రౌండుకూ వివరం చెప్తున్నాడు, చూసినవాళ్ళకే.

"ఇగ ముచ్చటేందంటే," అన్నాడు రొట్టె తుంచుతూ. "జిల్లా పోటీలు సరూర్‌నగర్‌ల. ఆడ మీది నుంచి విమానాలు గింత కిందికి రావు. లోపల ఏసీ హాలు. అంటే గా పిల్లకు గా దారి బంద్. మాధవీ, నువ్వు ఆ రోజు రాకు, ఇంట్ల కూసో. అంటే గీ దారి గూడ బంద్. ఇగ గెలుపు మనదే! యాభై ఒకటిల ఆడినా పరేషాన్ లేదు."

"గంత భరోసా ఉంటే యాభై ఒకటి, లేకుంటే నలభై ఎనిమిదా?" అంది మాధవీలత. "ఆ పిల్లకు అక్కడ ఇంకోటి దొరుకుతది. దొరక్కుండ ఉండదు."

"మరి నలభై ఎనిమిదే రాపిద్దాం. నీకు గూడ గదే ఇష్టముండె కద."

అవును, అనుకుంటూనే ఉండేది. మాధవీలత కూతురి మొహం చూసింది. చెంప మీద ఎర్రగా ఉంది, పెదవి మళ్ళీ వాచింది. కానీ ఇన్ని రోజులుగా ఆ మొహంలో లేనిదేదో ఇవాళ ఉంది. తాళ్ళు కోసే చిరాకు లేదు. ఆకలిగా, హాయిగా తింటోంది. మాట ఆమె నాలుక చివరిదాకా వచ్చింది. మింగేసింది. ఇది తాను చెప్పాల్సిన మాట కాదు. గిన్నెలోంచి కూర తీసి అత్తగారి పళ్ళెంలో వడ్డించింది.

"నవనీతా, నువ్వేమంటవే?" అంది రుక్కమ్మ.

నవనీత నోట్లో ముద్ద నమిలి మింగింది. నీళ్ళు తాగింది. పైన విమానం పోతోంది. ఆగలేదు, గొంతు పెంచింది.

"నేను యాభై ఒకటిలనే ఆడ్త. రేపు పొద్దున సార్‌కు చెప్తున్న."

"గెలుస్తవా మరి?" అన్నాడు హరిప్రసాద్.

"తెల్వదు బాపూ. గెలిస్తే ఆమె మీదనే గెలుస్త, ఓడితే ఆమె చేతులనే ఓడ్త. నలభై ఎనిమిదిల నన్ను గట్ల చూసేటోళ్ళు ఎవరున్నరు?" వేళ్ళు నాక్కుంది. "ఇంకో ముచ్చట. సిల్వియాను ఇగ ప్రతి ఆదివారం మనింట్ల తిని పొమ్మన్న. ఆమె వస్తనన్నది. పోటీలయినాక గూడ."

రుక్కమ్మ కోడలి వైపు చూసింది. "పాలు తాగదన్నరు కద, మజ్జిగన్న తాగుతదా?"

"తాగుతదట నానమ్మా. అడిగిన."